ఆయన గొంతు, నా ఆదివారాలు

5 అక్టోబరు 2003, ఆదివారం

మొదటి ఆదివారం అయింది. 

మందిరం ఇంత చిన్నదని మాకెవరూ చెప్పలేదు. నది ఇవతలి కొండ వాలులో రాతి గోడలు, ఎర్ర తలుపు. లోపల పాతకాలపు బల్లలు, వాటిలో అక్కడొకరు ఇక్కడొకరుగా తెల్లజుట్టు వాళ్ళు. ఒకప్పుడు వీళ్ళు మన ఊళ్ళకు మిషనరీలను పంపారు, ఇప్పుడు వీళ్ళకు పాస్టర్లు దొరక్క మన సంఘాన్ని అడిగారు. రిటైరై చీరాలలో వాలుకుర్చీ కొనుక్కోవలసిన వయసులో, మమ్మల్నిద్దరినీ ఏడాదిన్నర సేవకని ఐర్లండ్ దేశంలోని వాటర్‌ఫోర్డ్ పంపారు. "తిరుగు టపా శాంతా, మనం తిరుగు టపా" అని ఆయన విమానంలో ఎన్నిసార్లన్నారో. అన్నప్పుడల్లా కళ్ళు మెరిశాయి.

ఆయన పీఠమెక్కి నోరు విప్పగానే ముందు బల్ల మీది ముసలి రైతు చెవిలో వినికిడి మిషను కీచుమంది. ఆ రైతు దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. పేరు విక్టర్. తర్వాత గుమ్మం దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని, "మిషను లేకుండా ప్రసంగం విని చాలా ఏళ్ళయింది పాస్టర్" అన్నాడు. మా ఆయన పురుషోత్తంగారి గొంతు అలాంటిది. మూడు రోజుల కూటాల్లో కరెంటు పోయినా చివరి వరస దాకా వినబడేది.

ప్రసంగం మాత్రం కొంచెం బరువుగా ఉంది. తెలుగులో పరవళ్ళు తొక్కే మనిషి, ఇంగ్లీషులో ఇటుక మీద ఇటుక పేర్చినట్టు మాట్లాడారు. అలవాటవుతుంది.

9 అక్టోబరు

హేజెల్ అనే ఆవిడే ఈ మందిరానికి అన్నీ. తాళాలు, పూలు, టీ, అన్నీ ఆవిడవే. భర్త పోయి చాలా కాలమైంది. మాకిచ్చిన ఇల్లు చూపిస్తూ, తువ్వాళ్ళు హాట్ ప్రెస్‌లో ఉన్నాయంది. ఇస్త్రీ పెట్టె కోసం ఇల్లంతా వెతికాను. ప్రెస్ అంటే అలమరట. వేడినీళ్ళ ట్యాంకు పక్కనుండే అలమర. చెప్తే హేజెల్ గోడ పట్టుకుని నవ్వింది.

ఈ ఊరి బన్ను పేరు బ్లా. పైన పిండి చల్లి ఉంటుంది. ఆయన మూడు తిన్నారు.

కిటికీలోంచి నది, అవతల రేవు, ఎటు చూసినా క్రేన్లు. నలభై ఏళ్ళ కాపురంలో ఇల్లంతా మా ఇద్దరిదే అయిన రోజు ఇదే మొదటిది. అత్తగారు, ఆడపడుచులు, హాస్టలు పిల్లలు, భోజనానికి వచ్చే బోధకులు, ఎవరూ లేరు. ఆయన కాఫీ కలిపారు. బాగోలేదు. తాగాను.

18 అక్టోబరు

ఒక్కదాన్నే బస్సెక్కి బజారుకెళ్ళి వచ్చాను. కూరగాయల దగ్గర ఒకమ్మాయి నా కోటు కింద చీర అంచు చూసి ఆగిపోయింది.

"తెలుగోళ్ళా ఆంటీ? చీరె జూసి ఆగిన."

పేరు మైథిలి, కరీంనగర్ పిల్ల. భర్త శ్రీధర్ ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కూతురు సాహితికి ఆరేళ్ళు. తెలుగులో అడిగితే ఈ ఊరి యాసలో ఇంగ్లీషు సమాధానం చెప్తుంది. వాళ్ళుండే కొత్త ఇళ్ళ వరస విక్టర్ అమ్మిన పొలంలోదేనట. మేమెందుకు వచ్చామో చెప్పగానే మైథిలి ముఖం జాగ్రత్త పడింది.

"మేము గుడికి పోయేటోళ్ళం ఆంటీ. చర్చికి రాం. ముందే చెప్తున్న, తర్వాత మీరు మనసుల పెట్టుకోవద్దు."

"చర్చికి రావద్దులే. టీకి రా" అన్నాను.

నవ్వింది. నా సంచీ లాక్కుని బస్సు దాకా మోసింది.

16 నవంబరు

ఆయన గొంతు కాస్త బొంగురు. జలుబే.

30 నవంబరు

ఈ దేశపు చెమ్మ ఒళ్ళంతా పట్టేస్తోంది. మిరియాల కషాయం పెట్టాను. ప్రసంగం మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగారు. విక్టర్ మళ్ళీ మిషను పెట్టుకున్నాడు.

7 డిసెంబరు, ఆదివారం

రాయకుండా ఉండలేను. అన్నం తినకుండా రాస్తున్నాను.

పాటలయ్యాక ఆయన పీఠమెక్కారు. "ప్రియులారా" అన్నారు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. మెడ నరాలు ఉబ్బాయి. హేజెల్ నీళ్ళందించింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, తాను రాసుకున్న కాగితాలు మడిచి, మెట్లు దిగి వచ్చి నా ఒళ్ళో పెట్టారు. చదవమని.

నేను బల్లల ముందు నిలబడ్డాను. వెనక నుంచి హేజెల్, "పైకెళ్ళు శాంతా, ఇక్కడికి వినబడదు" అంది. ఆయన వైపు చూశాను. మన సంఘంలో పీఠం మీద ఆడవాళ్ళు నిలబడరు. బోధకురాలు నాగరత్నం ఒకసారి క్రిస్మస్‌కు నాలుగు మాటలు చెప్తానంటే, కింద నిలబడి చెప్పమ్మా అన్నది ఈయనే. ఇప్పుడు ఆయన అవుననలేదు, కాదనలేదు. బూట్ల వైపు చూసుకున్నారు.

ఎక్కాను.

మొదటి కాగితం చదివాను. రెండో దాని మీద పెద్ద పెద్ద మాటలు. నాకే అర్థం కాలేదు. తలెత్తితే అందరూ నన్నే చూస్తున్నారు, పాపం, దయగా, పేషెంటును చూసినట్టు. అప్పుడేమైందో, కాగితాలు పక్కన పెట్టి మా చీరాల పక్క ఓడరేవు అనే ఊరి మత్స్యకారుల పిల్ల గురించి చెప్పాను. నేను నర్సుగా చేసిన ఆసుపత్రిలో కాన్పై, డాక్టరమ్మ వద్దన్నా వినకుండా బిడ్డనెత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు తెల్లారకముందే తిరిగొచ్చింది, నెత్తి మీద గంపతో. వార్డులో ఉన్న బాలింతలందరికీ చేపలు. నువ్వే పచ్చి బాలింతవు, ఎందుకు మోసుకొచ్చావే అంటే, "నిన్న మీరంతా నా కోసం మేలుకున్నారు గదా" అంది. ఆ తర్వాత వాక్యం చదివాను. అంతే. పది నిమిషాలు కూడా కాలేదేమో.

నాకు ఇంగ్లీషు నేర్పింది మా మిషన్ ఆసుపత్రి మేట్రన్లు. ఇంజక్షన్ ఎలా వెయ్యాలో చెప్పే ఇంగ్లీషు అది. దానికి ఇంత పనుందని నాకు తెలియదు.

గుమ్మం దగ్గర విక్టర్ నా చెయ్యి వదల్లేదు. "ఆ పిల్ల తర్వాత ఏమైంది?" అని అడిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

8 డిసెంబరు

"నేను రాసింది అది కాదు" అన్నారాయన, బొంగురుగా, టిఫిన్ దగ్గర. 

గొంతు బాగయ్యేదాకే కదా.

21 డిసెంబరు

ఇది మూడో ఆదివారం. గిన్నెలు తోముతుంటే మాటలొస్తున్నాయి. బస్సులో కూర్చుంటే వస్తున్నాయి. ఒకటి పట్టుకునేలోపు ఇంకొకటి తోసుకొస్తోంది. కాన్పుల గది, ఔట్‌పేషెంట్ల వరస, కలరా ఏడు, తుపాను ఏడు, ముప్ఫై ఆరేళ్ళ నర్సు పని అంతా నాలో ఎక్కడుందో, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు గనుక ఊరుకుంది.

మైథిలి వచ్చింది. సాహితి స్కూల్లో క్రిస్మస్ పాట నేర్చుకుందట, పాడతానని మారాం చేసిందట. వెనక బల్లలో కూర్చుంది, కోటు విప్పలేదు. టీ దగ్గర మెల్లగా అంది:

"మీరు చెప్తాంటె మా నాయినమ్మ అరుగు మీద కూసోని కథలు చెప్పినట్టే ఉంది ఆంటీ. నేను దేవుని కోసం రాలె. అది ఇనేటందుకు మళ్ళ వస్త."

ఎవరి కోసమైనా రా అన్నాను.

ఆయన గొంతుకు విశ్రాంతి మంచిదే. కషాయం, ఉప్పునీళ్ళు ఆపడం లేదు.

18 జనవరి 2004, ఆదివారం

హేజెల్ మీద కోపంగా ఉంది.

అంతా వెళ్ళాక కప్పులు కడుగుతూ, "పాస్టరుగారి గొంతు ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అంది.

"జలుబు. మీ చలికాలం మాకు కొత్త కదా."

"ఎర్నెస్ట్‌కు కూడా జలుబే అనుకున్నాం" అంది. ఎర్నెస్ట్ ఆవిడ భర్త.

వచ్చేవారం పూల సంగతి అడిగాను. ఆవిడ పూల గురించే చెప్పింది, కానీ నా ముఖం మీంచి కళ్ళు తియ్యలేదు. కారులో దింపుతానంటే వద్దన్నాను. ఆయనా నేనూ వానలో నడుచుకుంటూ వచ్చాము. నేను నర్సును. నాకు ఈవిడ చెప్పాలా?

19 జనవరి

ఉప్పునీళ్ళతో కొంచెం తేడా ఉంది. ఉన్నట్టే ఉంది.

1 ఫిబ్రవరి, ఆదివారం

బల్లలు నిండాయి. ఇది నిజంగా జరిగింది. ఆసుపత్రిలో పనిచేసే కేరళ నర్సులు వచ్చారు, వాళ్ళు చెబితే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు వచ్చారు, డ్యూటీ దిగి అలాగే, నిద్ర కళ్ళతో. విక్టర్ కూతురు పెళ్ళయ్యాక మొదటిసారి వచ్చిందట. హేజెల్ పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చింది. చీరాల ఔట్‌పేషెంట్లలో టోకెన్ లేకుండా వరసలో నిలబడ్డ ముసలాయన గురించి చెబితే అందరూ ఒక్కసారి నవ్వారు. మందిరంలో ఆ నవ్వు పైకప్పు దాకా వెళ్ళింది. 

ఇంటికొచ్చాక కూర్చోలేకపోయాను. వంటగదిలో అటూ ఇటూ తిరిగాను. అరవై ఏళ్ళ దాన్ని, పదహారేళ్ళ పిల్లలా.

8 ఫిబ్రవరి

ఇవాళ టీ వేళ ఆయన కనబడలేదు. వెతికితే వెనక గదిలో కప్పులు కడుగుతున్నారు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి.

"మీరెందుకండీ, నేను కడుగుతాగా."

"నీ కోసం చూస్తున్నారు, వెళ్ళు." గుసగుస తప్ప రావడం లేదు ఇప్పుడు. తర్వాత, కప్పు తుడుస్తూ, "ఇక నేను ప్రసంగం రాయను శాంతా. ఎలాగూ నువ్వు చదవడం లేదు" అన్నారు.

"గొంతు బాగయ్యేదాకే కదండీ."

"బాగవుతుందా?"

"అవుతుంది" అన్నాను. రేపు చెత్తబండి వచ్చే రోజని గుర్తు చేశాను.

22 ఫిబ్రవరి

మంచి రోజు. చాలా మంచి రోజు. బాగా చెప్పాను.

2 మార్చి, మంగళవారం

స్త్రీల కూటం నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఆయన కోటు లేదు.  రేవు దాకా వెళ్ళి వెతికి వస్తుంటే, విక్టర్ వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. ఆయన దిగారు. విక్టర్ టోపీ తీసి, వ్యాను తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"జీపీ దగ్గరికి వెళ్ళాను" అన్నారు. ఇక్కడ మామూలు డాక్టరును అలాగే అంటారు.

"నాకు చెప్పకుండానా?"

"నువ్వు కూటానికి తయారవుతున్నావు."

కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకున్నారు. చాలాసేపు పట్టింది. ఎప్పటినుంచి అని డాక్టరు అడిగితే నవంబరు నుంచి అని చెప్పారట. ఆ డాక్టరు పెన్ను కింద పెట్టేశాడట. "మీ ఆవిడ నర్సన్నారు కదా" అన్నాడట.

"మీరేమన్నారు?"

"నా పనంతా ఆమె మీద పడింది, తీరిక లేదన్నాను."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలియలేదు. ఆ గుసగుసలో ఏదీ తెలియడం లేదు.

ఆ డాక్టరు స్పెషలిస్టుకు ఉత్తరం రాశాడు. అర్జెంటని.

10 మార్చి

ఆసుపత్రిలో ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. తెర నా వైపే ఉంది. చూడకూడదనుకుని చూశాను. ఎడమ స్వరతంత్రి మీద తెల్లగా, గరుకుగా, గోడకు పెచ్చు లేచినట్టు.

నాకు తెలుసు. అక్కడ నిలబడ్డప్పుడు కాదు. ముందే.

14 మార్చి, ఆదివారం

ఆరోగ్యం బాగోలేదని చెప్పి మందిరానికి వెళ్ళలేదు. హేజెల్ కీర్తనలు పాడించి పంపేసిందట.

24 మార్చి

మత్తిచ్చి పరీక్షకు ముక్క తీశారు. ఈ వారమంతా ఆయన ఒక్క మాటయినా మాట్లాడకూడదు. సాహితి స్కూలు నుంచి తన చిన్న పలక తెచ్చి ఇచ్చింది. ఆయన దాని మీద కప్ప బొమ్మ వేశారు. ఆ పిల్ల కప్పకు టోపీ పెట్టింది. ఇద్దరూ సాయంత్రమంతా అదే పని. నేను వంటింట్లోంచి చూస్తూ పప్పు మాడబెట్టాను.

29 మార్చి

ఇవాళ్టి నుంచి ఈ దేశంలో పబ్బుల్లో సిగరెట్లు నిషేధం. బయట వానలో మగవాళ్ళు గోడకానుకుని నిలబడి కాలుస్తున్నారు. ఆయన పలక మీద, "కాలేజీలో నేనూ అలాగే నిలబడేవాడిని" అని రాసి తుడిచేశారు.

2 ఏప్రిల్

కాన్సరే. తొలి దశ. ఒక తంత్రి మీదే. కార్క్‌లో ఆరున్నర వారాలు రేడియేషన్. "నయమయ్యే అవకాశాలు చాలా బాగున్నాయి, కానీ ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఈ మాట చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు స్పెషలిస్టు. ఆ రెండో సగం నా వైపు చూసి అనలేదు. నాకే అన్నట్టుంది.

3 ఏప్రిల్, శనివారం

ఆయనే ట్రామోర్ సముద్రానికి వెళ్దామన్నారు. బస్సులో ఎంతోసేపు పట్టదు. గాలి కోటు లాగేస్తోంది. గట్టు మీద బెంచీలో కూర్చున్నాము. ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

"నాకు ముందే తెలుసండీ."

ఆయన సముద్రం వైపే చూస్తున్నారు.

"గొంతు బొంగురు మూడు వారాలు దాటితే చూపించాలని ఎంతమందికి చెప్పానో. క్రిస్మస్‌కే తెలుసు. హేజెల్ అడిగింది, అబద్ధమాడాను. మీరు డాక్టరు దగ్గరికి వెళ్తే, బాగైపోతే, నేను మళ్ళీ కింద కూర్చోవాలని…" మాట పూర్తి కాలేదు.

 ఓ కుక్క బంతి కోసం నీళ్ళలోకి పరుగెత్తింది.

"నువ్వు ఎందుకు చెప్పలేదో నాకూ తెలుసు" అన్నారు. దగ్గరగా వంగితే గానీ వినబడదు. "నీ ముఖం చూస్తే తెలిసేది. ఆదివారం వచ్చేసరికి వెలిగిపోయేదానివి. నేనైనా వెళ్ళొచ్చుగా డాక్టరు దగ్గరికి. నాకు కాళ్ళున్నాయి. భయమేసింది శాంతా. గొంతు పోతే నేనెవర్ని? అందుకని నేనూ జలుబే అనుకున్నాను."

"నా మీద కోపం లేదా?"

"ఉంది. ఎందుకుండదు? చాలా ఉంది. కొన్నాళ్ళుంటుంది." ఆగి ఊపిరి తీసుకున్నారు. "కానీ ఆదివారాలు మానకు. ఇన్నేళ్ళు నేను అరిచాను. నువ్వు మామూలుగా మాట్లాడితే విక్టర్ ఏడుస్తున్నాడు. అది నాకు చేతకాలేదు."

ఏడ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోనంత మాత్రాన లేచి వెళ్ళిపోనూ లేదు. బస్సు వచ్చేదాకా పక్కనే కూర్చున్నారు.

11 ఏప్రిల్, ఈస్టరు

పీఠమెక్కాను. మొదటిసారికన్నా ఎక్కువ భయమేసింది. అంతకుముందు హేజెల్ దగ్గరికెళ్ళి, మీరు అడిగిన రోజు నేను నిజం చెప్పలేదన్నాను. ఆవిడ నా కోటు కాలరు సరిచేసింది. "ఎర్నెస్ట్ అప్పుడు నేనూ ఏడాది చెప్పలేదు ఎవరికీ" అంది. "వెళ్ళు. జనం ఎదురుచూస్తున్నారు."

మైథిలి, శ్రీధర్, సాహితి ముగ్గురూ వచ్చారు. నర్సులంతా వచ్చారు. బల్లలు చాలక గోడల వెంట నిలబడ్డారు. చెప్తుంటే భయం పోయి ఆనందం వచ్చేసింది, ఆపుకోలేకపోయాను. ఆపాలా? తెలియడం లేదు. ఆయన ముందు వరసలో కూర్చుని విన్నారు. ఒకచోట నవ్వారు. గుసగుస నవ్వు. అది నాకొక్కదానికే వినబడింది.

26 ఏప్రిల్

కార్క్. ఆసుపత్రి దగ్గరే చిన్న గది. సోమవారం విక్టర్ తన వ్యానులో దింపుతాడు, శుక్రవారం తీసుకెళ్తాడు. పొలమమ్మిన మనిషికి పనేముంది, రోడ్డు చూస్తానంటాడు. మైథిలి పప్పుచారు వడకట్టి సీసాల్లో పోసి ఇచ్చింది. "అంకుల్‌కు కారం తాకొద్దు ఆంటీ. ఉప్పు గూడ తక్కువేసిన. నోటికి రుచి లేదంటె నన్ను తిట్టుకొమ్మను" అంది.

ముఖానికి వల లాంటి ముసుగు బిగించి, కదలకుండా పడుకోబెడతారు. మొదటి రోజు బయటికొచ్చి, "దీనికన్నా కమిటీ మీటింగులే నయం" అన్నారు. కార్క్ ఊరంతా ఎత్తుపల్లాలు. ఈ ఊళ్ళో కూడా క్రేన్లే. కొత్త ఊరు చూడటం నాకు సంతోషంగానే ఉంది. ఇలాంటప్పుడు కూడా.

9 మే, ఆదివారం

ప్రసంగమయ్యాక ఇంటికొచ్చేసరికి గుంటూరు నుంచి ఫోను. మా సంఘం కార్యదర్శి కోటయ్యగారు.

"వందనాలమ్మగారూ. అయ్యగారికి ఎట్లా ఉంది?"

చెప్పాను. ఆయన కాసేపు బాధపడ్డారు, నిజంగానే. తర్వాత గొంతు మార్చారు.

"ఇక్కడ కమిటీలో మాటొచ్చిందమ్మా. మీరు పీఠం మీద నిలబడి చెప్తున్నారట. మన పద్ధతి మీకు తెలియంది కాదు. వైద్యం వేలూరులో చేయిద్దాం. జులైలో వచ్చేయండి, ఇంకొకరిని చూస్తాం. అయ్యగారితో మాట్లాడి చెప్పండి."

"ఆయనకు గొంతు లేదండీ."

"అయ్యో, అలాగా. మరి గొంతొచ్చాక ఆయన్నే చెప్పమనండి. మీరు కాదు, ఆయనే."

మా ఆయనకు చెప్పాను. "ముందు వైద్యం పూర్తికానీ" అని అటు తిరిగి పడుకున్నారు. ఏమనుకుంటున్నారో తెలియదు. వెళ్ళాలంటే వెళ్తాను. ఆయన్ను ఒక్క మాట అడగను. అడిగే హక్కు నాకు లేదు.

అడగాలని ఉంది.

23 మే

గొంతు లోపలంతా పుండు. నీళ్ళు మింగాలన్నా కళ్ళ వెంట నీళ్ళు. బరువు తగ్గారు. మెడ చర్మం కాలినట్టు నల్లబడింది. రాత్రులు నేనే కూర్చుంటున్నాను. ఇది నాకు తెలిసిన పని.

10 జూన్

చివరి రేడియేషన్. ముసుగు ఇంటికి తీసుకెళ్తారా అని టెక్నీషియన్ అడిగితే వద్దని చెయ్యూపారు. కార్క్ నుంచి వచ్చేటప్పుడు వ్యానులో విక్టర్ పాటలు పాడాడు. చాలా ఘోరంగా పాడతాడు. ఆయన చేత్తో తాళం వేశారు. నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయారు. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదటిసారి.

20 జూన్, ఆదివారం

హేజెల్ అన్నం వండటం నేర్చుకుని మా ఇంటికి తెచ్చింది. జావలా ఉంది. ఆయనకు సరిగ్గా అదే కావాలి. ఈ ఊరివాళ్ళు బాగుందనడానికి అన్నట్టే గ్రాండ్, గ్రాండ్ అంటూ ఆయన గిన్నె ఖాళీ చేశారు. మాట కొంచెం గట్టిపడింది. ఇసుక మీద నడిచినట్టుంటుంది, కానీ పక్క గదిలోకి వినబడుతోంది. ఎంతవరకు తిరిగొస్తుందో నెలల తర్వాత గానీ చెప్పలేమన్నారు డాక్టర్లు.

టికెట్ల సంగతి ఇద్దరమూ ఎత్తడం లేదు.

26 జూన్, శనివారం

మైథిలి వాళ్ళింట్లో సాహితి పుట్టినరోజుకు సాయం చేసి, గాలికి గొడుగు తిరగబడి వానలో తడిసి ఇంటికొచ్చాను. తలుపు తియ్యగానే నడవలో ఆయన గొంతు. ఫోనులో మాట్లాడుతున్నారు, ఒక చెయ్యి గోడకు ఆనించి, వీపు నా వైపు. నేనొచ్చినట్టు తెలియదు. కోటు విప్పకుండా అక్కడే నిలబడ్డాను.

"వందనాలు కోటయ్యా… బాగానే ఉన్నా. ఆ, మింగుతున్నా… ఏది, టికెట్లా? టికెట్లు కొనకండి."

అవతల చాలాసేపు మాట్లాడారు. ఆయన వింటున్నారు. చెవి మార్చుకున్నారు.

"తెలుసయ్యా, నాగరత్నాన్ని కింద నిలబెట్టింది నేనే. తప్పు చేశానని కమిటీలో రాసుకోండి. నా పేరు పెట్టే రాసుకోండి… లేదు, నాకు గొంతొచ్చినా సరే. నేనిక్కడ టీ కప్పులు కడుగుతున్నా. మంచి పని, నువ్వూ చేసి చూడు."

మళ్ళీ అవతల మాటలు. కోటయ్యగారు గొంతు పెంచినట్టున్నారు, నాకు కూడా సన్నగా వినబడింది. నేను మాట్లాడుతున్నది సంఘ కాపరితో, పాస్టరుగా మీరే తేల్చి చెప్పాలి, అని.

మా ఆయన గోడ మీది చెయ్యి తీశారు. ఊపిరి కూడదీసుకున్నారు.

"కాపరిగారు ఇంట్లో లేరు కోటయ్యా. బయటికెళ్ళారు… నేనా? నేను ఆవిడ భర్తను."

నా చేతిలోంచి గొడుగు జారి పడింది. ఆయన వెనక్కి తిరిగారు. నన్ను పైనుంచి కింద దాకా చూశారు, కారుతున్న చీర కుచ్చిళ్ళు, జుట్టు, అంతా. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, "ఆగు, వచ్చేశారు. ఇస్తున్నా" అన్నారు.

రిసీవరు నా వైపు చాచారు. చెయ్యి తడిగా ఉంది, చీర కొంగుకు తుడుచుకున్నాను. అదీ తడిసే ఉంది. అలాగే అందుకున్నాను.

"వందనాలు కోటయ్యగారూ" అన్నాను. "కాపరిని మాట్లాడుతున్నాను. చెప్పండి."